పిల్లవానిపై తెచ్చిన బయానా

నాట్లును కోతలును వచ్చినపుడు హనుమాన్ జంక్షన్ కూడలిలో తెల్లవారకమునుపే కూలీల ఆటోలు బయలుదేరును. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ త్రోవలు నాలుగును కలియు చోటగుటచే ఇచట పనిని వెదకువారికిని, మనుష్యులను వెదకువారికిని కొదువ లేదు. ఆ ఆటోలలో ఒక్కొక్కప్పుడు పెద్దల మోకాళ్ళ నడుమ ఇరుకుకొని పోవు పిల్లలును కనబడుదురు. చూచినవారు "పాపము, పేదలు, నాలుగు రూపాయలు వచ్చిన చాలును" అని ఊరకుందురు. ఈ మాసము ఎరువుల సంగతి కొంచెము ప్రక్కకుంచి, ఆ నాలుగు రూపాయల లెక్కను రైతుసోదరులతో కూడి చూడదలచితిమి.

పిల్లలు పనికి పోవుటకు బీదతనమే కారణమని అందరును చెప్పుదురు. కాని ఒకే యూరిలో, ఒకే తీరున బీదలైన యిరువురు కూలివారిలో ఒకని కొడుకు బడికి పోవును, రెండవవాని కొడుకు గేదెల వెంట పోవును. భేదమేమని విచారించినచో తరచుగ తేలునది బయానా. ఇంట జబ్బు చేయును, లేక కూతురి పెండ్లి వచ్చును, లేక కాలువకు నీరు రాక పనులు లేని నెలలు వచ్చును. అపుడెవరో సొమ్ము ముందుగా నిత్తురు. వడ్డీ మాట యెత్తరు. "పిల్లవానిని పంపుము, అదియే చాలు" నందురు. మన తాతలనాటి చిన్నపాలేరు పద్ధతి యిదియే. నేడు చేపల చెరువు కావలి, కోళ్ళ షెడ్డు, ఇటుక బట్టీ, రోడ్డు ప్రక్క హోటలు అని పేర్లు మారినవి, బయానా మారలేదు.

లెక్కకు వత్తము. ఒక తండ్రి 20,000 రూపాయలు తెచ్చి, దానికి బదులు కొడుకును ఏడాది పాటు పంపుటకు ఒప్పుకొనెననుకొందము. ఆ సొమ్మునే నూటికి 12 వంతున సంఘములో తెచ్చియుండినచో ఏడాదికి అసలు వడ్డీ కలిసి 22,400 అగును. 365 దినములకు పంచి చూడుడు: పిల్లవాని కష్టమునకు దినమునకు 62 రూపాయలైనను పడలేదు. అదే మొత్తమును నెలలకు పంచినచో నెలకు 1,867. పెద్దకూలి దినమునకు 500 అనుకొన్నయెడల నెలకు నాలుగు దినముల కూలికి తక్కువయే! నెలకు నాలుగు దినముల పని తండ్రికి అదనముగ దొరకిన ఆ బిడ్డ సంవత్సరము బిడ్డకే యుండెడిది. ఆ నాలుగు దినములు ఏల దొరకలేదు? తండ్రి చేయవలసిన పనిని సగము కన్న తక్కువకు చేయు పిల్లలు ఊరిలో నున్నారు గనుక. ఈ ముడిని చూడక "వాని సంపాదన లేనిదే ఆ ఇల్లు గడవ"దనుట గానుగ చుట్టు తిరుగుటయే.

లెక్కలో వ్రాయని నష్టమింకొకటి కలదు, అది అన్నము. 2001 నవంబరులో సుప్రీం కోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనమే పెట్టవలెనని ఉత్తరువిచ్చెను. మన రాష్ట్రమున 2003 జనవరి నుండి అది అమలునకు వచ్చెను. 2024 నుండి ఈ భోజనమునకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిరి. గోదావరి లంకల గన్నవరమున ఏ వేళ వచ్చిన బాటసారికైనను అన్నము పెట్టి, 1909లో గతించిన ఆ యిల్లాలి పేరు ఇంతకన్న తగినచోట నుండదు. బడి ఏడాదికి 200 దినములకు పైగా నడచును. అనగా గేదెల వెంట పోయిన పిల్లవాడు 200 పైచిలుకు భోజనములు, వానితోడి గ్రుడ్లు, వదలుకొని పోయినాడు. ఎదుగు వయసున తగ్గిన తిండిని పిదప పెట్టి పూడ్చుట కష్టము. పిలక వేయు దశలో నీరు లేని వరికి పొట్టదశలో నీరు పెట్టిన ఎంత ఫలమో రైతునకు వేరుగ చెప్పనక్కర లేదు.

కోతలకు ఇతర జిల్లాలనుండి, ఒరిస్సానుండి వచ్చు కుటుంబముల పిల్లలు మరింత ఇబ్బంది పడుదురు. వారి ఊరి రేషను కార్డుపై మన యూరి చౌకధరల దుకాణములోను బియ్యము తీసికొనవచ్చును; ఆరేండ్లలోపు బిడ్డలకు అంగన్‌వాడీలో ఆహారము కలదు. ఈ రెండును వారికి తెలియవు. వారిని పనికి పిలిచిన రైతు ఒక్క పూట శ్రమపడి చెప్పిన తెలియును.

"కొన్ని పనులకు పిల్లల వ్రేళ్ళే తగును" అను మాట యొకటి కలదు. ఈ మాట ఎక్కువగ వినబడినది సంకర ప్రత్తి విత్తనపు చేలలో. మన డెల్టాలో ఆ సేద్యము లేకున్నను, కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలలో జరిగినది మనమెరుగవలసినదే. అచట సాయంకాలము ప్రతి మొగ్గను గోటితో ఒలిచి పుప్పొడి తిత్తులు తీసివేయవలెను. మరునాటి ప్రొద్దున మగ పువ్వును తెచ్చి కీలాగ్రమునకు రుద్దవలెను. నెలల తరబడి ప్రతి దినము, ప్రతి మొక్కకు ఇట్లే. దావులూరి వెంకటేశ్వర్లు గారు 1990ల చివరను, ఆ తరువాతను చేసిన పరిశీలనలలో ఈ పనివారిలో పిల్లలు, అందును బాలికలు, అత్యధికులని తేలెను. వారి తల్లిదండ్రులకు ముందే బయానా ఇచ్చి యుండిరి. కంపెనీలు విత్తనమునకిచ్చు ధర పెద్దకూలికి చాలదని విత్తన రైతులు చెప్పిరి. ఆ మాట నిజమే కావచ్చును. అట్లయిన అచట పిల్లల వ్రేళ్ళు కాదు, పిల్లల చౌకయే పనికి వచ్చినది. పువ్వును రుద్దుటకు పెద్దల చేతులు చాలును. పైగా పురుగుమందు కొట్టిన చేలో దినమంతయు నిలిచిన బిడ్డ ఒడలు, బరువును బట్టి చూచిన, పెద్దవాని కన్న ఎక్కువ విషమును పీల్చును.

దీనిని మాన్పవచ్చునని చూపినవారును మనవారే. మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేర నెలకొనిన ఫౌండేషన్ వారు 1990ల తొలి దినములనుండి రంగారెడ్డి జిల్లా గ్రామములలో, బడికి బయటనున్న ప్రతి బిడ్డయు పనిబిడ్డయే అను సూత్రముతో పనిచేసిరి. బడి తప్పిన పిల్లలను కొన్నినెలలు శిబిరములలో చదివించి, వారి యీడు తరగతిలో చేర్చిరి. పనికి పెట్టుకొన్న రైతులను శత్రువులుగ గాక సభలకు పిలిచి మాటలాడిరి. ఆ పనికి నాయకత్వము వహించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారము లభించెను. పని నుండి పారిపోయి బెజవాడ రైల్వే స్టేషను చేరిన బాలుర కొరకు 1989 నుండి నవజీవన బాలభవన్ వారు పాటుపడుచున్నారు. అయితే స్టేషను చేరినపిదప పట్టుకొనుట కన్న ఊరు దాటకుండ నిలుపుట తేలిక.

చట్టము సంగతి క్లుప్తముగ చెప్పెదము. పిల్లల పనిని తాకట్టు పెట్టు ఒప్పందము చెల్లదని 1933లోనే చట్టమాయెను. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ప్రకారము అట్టి బయానా బాకీయే రద్దగును. రద్దయిన బాకీని వసూలు చేసిన మూడేండ్ల వరకు ఖైదు. కావున బయానా ఇచ్చువాడు తన సొమ్ము భద్రమనుకొనుట భ్రమ. 2016లో సవరించిన చట్టమును బట్టి 14 ఏండ్లలోపు వానిని ఏ పనిలో పెట్టుకొన్నను ఆరు నెలలు మొదలు రెండేండ్ల వరకు ఖైదు, లేక 20,000 మొదలు 50,000 వరకు జుల్మానా, లేక రెండును. సొంత పిల్లలు బడి విడిచిన పిదప ఇంటి పనిలో సాయపడుటను చట్టము కాదనలేదు. కాని మందు కలుపుటకు, నూర్పిడి యంత్రము దగ్గరకు కొడుకును పంపువారు, చట్టమటుంచి, వాని చేతిని గూర్చి ఆలోచింపవలెను.

ఇప్పుడు బయానా మేస్త్రీ గడప త్రొక్కనక్కర లేదు, ఫోనులోనే వచ్చుచున్నాడు. జామీను లేకుండ క్షణములో అప్పిత్తుమను యాప్‌లు మన ఫోనులోని పేర్లు, ఫోటోలు తీసికొని, పిదప బంధువులకు పంపెదమని బెదరించుటచే 2020లో తెలుగు రాష్ట్రములలో ప్రాణములు పోయినవి. ఫోనులోని పేర్లను తీసికొనరాదని రిజర్వు బ్యాంకు 2022లో నియమము చేసెను. దొంగ యాప్‌కు నియమమెక్కడిది? పిల్లల యెడల పద్ధతి వేరు. ఆటలోనో, స్నేహితుని వేషములోనో పరిచయమై, పనియో బహుమతియో ఆశపెట్టి, ఒక ఫోటో అడుగుదురు. అది చేత చిక్కిన పిదప ఇంకొకటి, లేక సొమ్ము, లేక ఫలానా చోటికి రమ్మనుట. మొదటి ఫోటోయే ఇచట బయానా.

ఆ దుర్మార్గుని బలమంతయు తండ్రి కొట్టునను బిడ్డ భయములోనే యున్నది. బిడ్డ వచ్చి చెప్పినపుడు చేయి చేసికొన్న తండ్రి వానికే సాయము చేసినవాడగును. వచ్చిన సందేశములను చెరిపివేయరాదు, సొమ్ము పంపరాదు. సొమ్ము పోయినచో వెంటనే 1930కు, బిడ్డకు ఆపద యున్నచో రాత్రియైనను పగలైనను 1098కు ఫోను చేయవలెను. పిల్లలపై లైంగిక నేరమును తెలిసియు తెలుపకుండుట 2012 నాటి పోక్సో చట్టమును బట్టి నేరమే. పరువు పోవునని దాచు పెద్దలు దీనిని గమనింపుడు.

ఇక సంఘము మాట. 1904లో సహకార పరపతి చట్టము వచ్చినది వడ్డీవ్యాపారి నుండి రైతును తప్పించుటకే గదా! భూమి గలవారికి పంటఋణము దొరకుచున్నది. కౌలుదారులకు ఉమ్మడి పూచీ బృందముల ద్వారమునను, డ్వాక్రా స్త్రీలకు 2011లో వెలసిన స్త్రీనిధి ద్వారమునను త్రోవ కలదు. భూమియు లేక, ఏ బృందములోను చేరని కూలివాడే మేస్త్రీకి దొరకును. అట్టివారు మన యూళ్ళలో ఎందరో పాలకవర్గమువారు ముందుగ పేర్లు వ్రాసికొని, మహాజనసభలో పెట్టి, వారిని బృందములలో చేర్పింపవలెను. మనకు నారుమళ్ళు పోయు జూన్ మాసమే బడులు తెరచు మాసము గూడ. కావున చిన్న ఋణముల దరఖాస్తులు మే నెలలోనే పుచ్చుకొని, బడి గంట కొట్టుటకు ముందే సొమ్ము చేతికందించవలెను. మేస్త్రీ సొమ్ము అప్పటికే సిద్ధముగ నుండును.