పాపకు చెవులు కుట్టిస్తున్నారా..? ముహూర్తం కంటే ముందు టీకా కార్డు చూడండి..!

విజయనగరం జిల్లా గజపతినగరం చుట్టుపక్కల ఊళ్లలో ఆడపిల్ల పుట్టిన ఇంట్లో మూడో నెల దాటిందంటే చాలు.. వచ్చే మాట ఒకటే. పాపకి చెవులు ఎప్పుడు కుట్టిస్తారు..? "ఇప్పుడే కుట్టించీండి, పెద్దయ్యాక ఊరుకోదు" అని నానమ్మ. "పసిపిల్లకి అప్పుడేనా అత్తయ్యా.." అని కోడలు. ఈలోగా మేనమామకు ఫోన్ వెళ్లిపోతుంది. కమ్మలు తేవాల్సింది ఆయనే, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోవాల్సిందీ ఆయనే కదా.

ముహూర్తం ఏ రోజు.. కమ్మలు ఎన్ని గ్రాములు.. భోజనాలకు ఎంతమంది.. ఇలా అన్నీ మాట్లాడుకుంటారు. ఏ సూదితో కుడతారు, ఆ సూది అంతకుముందు ఎవరి చెవిలోకి వెళ్లింది అన్నది మాత్రం చాలా ఇళ్లల్లో ఎవరూ అడగరు. అసలు అడగాల్సింది అదే.

ఆరు నెలల పాప.. అసలేం జరిగింది..?

2025 ఫిబ్రవరిలో కర్ణాటకలోని చామరాజనగర్ జిల్లా గుండ్లుపేట తాలూకాలో జరిగిన ఘటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. చెవులు కుట్టించడానికి ఆరు నెలల బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లారు తల్లిదండ్రులు. నొప్పి తెలియకుండా రెండు చెవులకూ మత్తు ఇంజెక్షన్ ఇచ్చారని, ఆ తర్వాతే బిడ్డ స్పృహ కోల్పోయి చనిపోయిందని వాళ్లు ఆరోపించారు. ఆ వార్త చూసి "ఆసుపత్రి కంటే మన కంసాలే నయం" అన్నవాళ్లూ ఉన్నారు.

అయితే ఇక్కడ ఓ విషయం అర్థం చేసుకోవాలి. మత్తు మందు డోసు మనిషి బరువును బట్టి ఉంటుంది. పెద్దవాళ్లకు లెక్కలోకి రానంత మందు కూడా ఆరేడు కిలోల బిడ్డకు ఎక్కువైపోవచ్చు. డోసు మించితే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. తమ్మె కుట్టడం రెండు క్షణాల పని, దానికి మామూలుగా ఇంజెక్షన్ అవసరమే ఉండదు. పైన రాసే మత్తు క్రీములు ఉన్నాయి కానీ, వాటిని కూడా మెడికల్ షాపులో సొంతంగా కొని పసిపిల్లలకు రాయకూడదు. కొన్ని క్రీముల వల్ల రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి తగ్గిపోయే ప్రమాదం ఉంది. రాయాలా వద్దా, ఎంత రాయాలి అన్నది పిల్లల డాక్టరే చెప్పాలి. కుట్టిన వెంటనే తల్లి పాలు పడితే చాలామంది పిల్లలు తొందరగానే ఊరుకుంటారు.

పూర్వం ఏం చెప్పారు..?

చెవులు కుట్టడం షోడశ సంస్కారాల్లో ఒకటి.. కర్ణవేధ అంటారు. సుశ్రుత సంహితలో దీనికి ఏకంగా ఓ అధ్యాయమే ఉంది. రక్ష కోసం, అలంకారం కోసం ఆరు లేదా ఏడో నెలలో కుట్టమని అందులో ఉంది. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టి బొమ్మలతో మరిపించాలట. ఎండ వెలుగు చెవిలోంచి ఎక్కడ కనిపిస్తుందో చూసి అక్కడే కుట్టాలట. అబ్బాయికైతే ముందు కుడి చెవి, అమ్మాయికైతే ముందు ఎడమ చెవి. రక్తం ఎక్కువ కారి, నొప్పి ఎక్కువైతే కుట్టిన చోటు తప్పని కూడా చెప్పారు. అంటే ఆ రోజుల్లోనే చూసుకుని కుట్టమన్నారన్న మాట!

మరి ఏ నెలలో కుట్టించాలి..?

దీనికి ఒకే జవాబు లేదు. జాగ్రత్తగా చేస్తే ఏ వయసులోనైనా ప్రమాదం తక్కువేనని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. కాకపోతే తన చెవిని తనే చూసుకునే వయసు వచ్చేదాకా ఆగడం మంచిదని సలహా ఇస్తోంది. పాప అడిగినప్పుడే కుట్టిద్దాం అనుకునే తల్లిదండ్రులు తప్పేమీ చేయట్లేదు. "చుట్టాలేమనుకుంటారో" అన్నది అంత పెద్ద కారణం కాదు.

చిన్నప్పుడే కుట్టించాలనుకుంటే మాత్రం ధనుర్వాతం టీకా పడే దాకా ఆగాలి. మన దగ్గర పెంటావాలెంట్ టీకాలు 6, 10, 14 వారాలకు వేస్తారు. ధనుర్వాతం, హెపటైటిస్ బి రెండింటి నుంచీ రక్షణ అందులోనే ఉంది. కాబట్టి మూడు డోసులూ పడ్డాయా అన్నది ఏఎన్ఎం ఇచ్చిన కార్డులో చూసుకుని, ఆ తర్వాతే ముహూర్తం పెట్టించుకోవచ్చు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, గుండె జబ్బు ఉన్న పిల్లలైతే ముందు డాక్టర్‌ను అడగాల్సిందే.

ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలిన చోట మచ్చ గడ్డలా పెరిగే స్వభావం ఉంటే అదీ గమనించాలి. దీన్ని కీలాయిడ్ అంటారు. 11 ఏళ్లు దాటాక కుట్టించుకున్న వాళ్లలో ఇది ఎక్కువగా వస్తోందని 2005లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఈ ఒక్క విషయంలో నానమ్మ మాటకు కాస్త బలం ఉందనే చెప్పాలి.

కంసాలా.. గన్నా..?

ఊళ్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి కంసాలిది. మొన తీసిన సన్నటి బంగారు తీగతో కుట్టి, దాన్నే చుట్టలా తిప్పేస్తారు. చెయ్యి తిరిగిన ఆచారి అయితే పాప ఏడుపు మొదలుపెట్టేలోపే పని అయిపోతుంది. ఇందులో నైపుణ్యానికి లోటు లేదు. చూడాల్సింది శుభ్రత. తీగ కొత్తదేనా, మరిగించారా, ఆయన చేతులు సబ్బుతో కడుక్కున్నారా..? సూదితో కుడితే కవర్ మన కళ్ల ముందే విప్పాలి. ఒకరి రక్తం అంటిన సూది ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ లాంటివి సోకే అవకాశం ఉంది. ఇది అడిగితే ఆచారి గారు ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

ఇక గన్ విషయానికొస్తే.. అందులో స్ప్రింగ్ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే కమ్మ మొనే చెవిని తోసుకుంటూ వెళ్తుంది. సూదంత పదును దానికి ఉండదు కాబట్టి చర్మం కాస్త ఎక్కువ నలుగుతుంది. ప్లాస్టిక్ గన్‌ను ఆసుపత్రి పరికరాల్లా ఆవిరి వేడిలో స్టెరిలైజ్ చేయడం కుదరదు. స్పిరిట్ దూదితో తుడిచేసి ఇంకో పాపకు వాడేస్తే లాభం లేదు. సీల్ వేసిన కార్ట్రిడ్జ్ ఒక్కొక్కరికి ఒక్కటి వాడే రకమైతే కొంత నయం.

పై చెవికి మాత్రం గన్ అస్సలు వద్దు. అక్కడ ఉండేది మృదులాస్థి, రక్త ప్రసారం తక్కువ. 2000లో అమెరికాలోని ఒరెగాన్‌లో ఓ నగల స్టాల్‌లో పై చెవి కుట్టించుకున్న ఏడుగురికి సూడోమోనాస్ ఇన్ఫెక్షన్ సోకింది. శుభ్రం చేయడానికి వాడిన మందు సీసానే కలుషితమైందని తర్వాత తేలింది.

ఎవరు కుట్టినా ముందు రెండు తమ్మెల మీదా పెన్నుతో చుక్కలు పెట్టించి, పాపను నిటారుగా ఎత్తుకుని ఎదురుగా చూడాలి. పడుకోబెట్టి చూస్తే చుక్కలు ఎగుడుదిగుడు అయినా తెలియదు.

కమ్మలు ఎలాంటివి..?

మొదటి కమ్మలకు గిల్టు నగలు వద్దు. వాటిలోని నికెల్ వల్ల ఒకసారి అలర్జీ మొదలైతే జీవితాంతం వదలదు. చెవి పుండులో ఉండే లోహం నుంచి నికెల్ ఎంత వెలువడాలన్న దానికి యూరప్ దేశాల్లో చట్టమే ఉంది. 916 హాల్‌మార్క్ బంగారంలో 91.6 శాతం బంగారం, మిగతాది ఎక్కువగా రాగి, వెండి ఉంటాయి కాబట్టి అది మంచిదే. వేలాడే బుట్టలు, పెద్ద రింగులు అయితే పసిచేతులు పట్టి లాగేస్తాయి. చిన్నగా, వెనక మర ఉన్నవి చాలు. మర మరీ బిగించొద్దు, చెవి వాచడానికి చోటు ఉండాలి. అలాగని వదులైతే ఊడి పాప నోట్లోకి వెళ్తుంది.. రోజూ వేలితో చూసుకోవడమే.

ఆ ఆరు వారాలే కీలకం..

తమ్మె మానడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా కమ్మ తీయకూడదు. రోజుకు రెండుసార్లు చేతులు కడుక్కుని, సెలైన్‌తో గానీ, మరిగించి చల్లార్చిన ఉప్పు నీళ్లతో గానీ ముందూ వెనకా తుడిస్తే సరిపోతుంది. పసుపు ముద్ద, కొబ్బరి నూనె పెట్టడం, కమ్మ తీసేసి చీపురుపుల్ల గుచ్చడం వద్దు. మట్టిలో ఉండే ధనుర్వాతం క్రిమికి అంతకంటే దగ్గరి దారి ఉండదు.

మన ఇళ్లల్లో ఇంకో సమస్య ఉంది.. తలంటు. నూనె, నలుగుపిండి, ఆపై పౌడర్.. అన్నీ వెళ్లి ఆ రంధ్రం దగ్గరే పేరుకుంటాయి. ఈ ఆరు వారాలూ చెవి దగ్గర నలుగు ఆపేసి, స్నానం అయ్యాక మంచినీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దాలి. చంపావతిలోనో, చెరువులోనో స్నానాలు కూడా అప్పటిదాకా వాయిదా వేసుకోవాలి.

మొదటి రెండు మూడు రోజులు కాస్త ఎరుపు, వాపు మామూలే. చీము కారినా, ఎరుపు చెంప వైపు పాకినా, జ్వరం వచ్చినా గజపతినగరం ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాలి. వాపులో మర చెవి కండలోకి దిగిపోతే ఇంట్లో లాగే ప్రయత్నం చేయొద్దు. పై చెవి ఎర్రగా వేడెక్కితే మాత్రం రేపు చూద్దాం అనుకోకుండా అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు వెళ్లిపోవాలి. విజయనగరం ఇక్కడికి 25 కిలోమీటర్లకు అటూఇటూ.