గ్యాస్ పొయ్యి, వంటింటి గాలి: అపోహలు – వాస్తవాలు

కట్టెల పొయ్యి ఊదుతూ కళ్లు మండించుకున్న ఆడవాళ్లకు గ్యాస్ పెద్ద ఊరట. ఆ మేలు కాదనలేనిది. కానీ పొగ కనిపించనంత మాత్రాన వంటింటి గాలి శుభ్రంగా ఉన్నట్టు కాదు.

అపోహ: మంట నీలంగా ఉంటే ఏ హానీ లేదు.
వాస్తవం: నీలి మంట గ్యాస్ సరిగా మండుతోందనడానికి గుర్తు. అయినా ఆ వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ డయాక్సైడ్ పుడుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇది ఆయాసం పెంచుతుంది. గ్యాస్‌తో వండే ఇళ్ల పిల్లల్లో ఉబ్బసం ముప్పు 42 శాతం ఎక్కువని, పలు అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2013లో లెక్కగట్టింది. కారణం గ్యాసేనని దీంతో రుజువైపోలేదు కానీ, జాగ్రత్త పడటానికి ఇది చాలు. మంట పసుపు రంగుకు తిరిగి గిన్నె అడుగున మసి పడుతుంటే, వాసనే లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతూ ఉండొచ్చు. వెంటనే బర్నర్ శుభ్రం చేయించాలి.

అపోహ: అలాగైతే కట్టెల పొయ్యే నయం.
వాస్తవం: కానే కాదు. కట్టెలు, పిడకలు, బొగ్గు, కిరోసిన్ వంటివాటితో ఇళ్లలో కమ్మే కాలుష్యం 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మందిని బలిగొందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సిలిండర్ ఉండి కూడా స్నానం నీళ్లకు కట్టెలు రాజేస్తే, ఆ పొగ మళ్లీ ఇంటిల్లిపాదికీ తగులుతుంది.

అపోహ: ఇండక్షన్ స్టవ్ కొంటే ఇక చింత లేదు.
వాస్తవం: మంట లేదు కాబట్టి నైట్రోజన్ డయాక్సైడ్ బెడద ఉండదు. కానీ ఎండుమిర్చి తాలింపు ఘాటు, కాగిన నూనె పొగ అలాగే ఉంటాయి. బాగా ఎక్కువ వేడి మీద చేసే వేపుళ్ల పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘బహుశా క్యాన్సర్ కారకం’ వర్గంలో చేర్చింది.

అపోహ: చిమ్నీ ఉంటే కిటికీ తీయక్కర్లేదు.
వాస్తవం: పొగను గొట్టం ద్వారా ఇంటి బయటికి పంపే చిమ్నీయే మేలు. గొట్టం లేనివి జిడ్డును పట్టి, గాలిని తిరిగి గదిలోకే వదులుతాయి కాబట్టి కిటికీ తీయాల్సిందే.

అపోహ: గ్యాస్ లీకైన వాసన వస్తే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలి.
వాస్తవం: ప్రాణాలకే ప్రమాదం. స్విచ్ దగ్గర పుట్టే నిప్పురవ్వ చాలు, అంటుకోవడానికి. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు బార్లా తీయండి. వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. అందుకే తలుపు తీయడం ముఖ్యం.

రోజూ పొయ్యి వెలిగించే ముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, వంటయ్యాక మరో పది నిమిషాలు తిరగనివ్వండి. ఫ్యాన్ లేకుంటే కిటికీ తీయండి. చంటిపిల్లల్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టకండి.