అంతా ఆటోమేటిక్ అయితే బాయిలర్ దగ్గర మనిషెందుకు?

నేను బాయిలర్ల సూపర్‌వైజర్‌నని చెప్పగానే మన సాఫ్ట్‌వేర్ మిత్రులు అడిగే ప్రశ్న ఒకటే: "ఇప్పుడంతా ఆటోమేటిక్కే కదండీ, మీరు చేసేదేముంటుంది?" మంచి ప్రశ్నే. జవాబు కాస్త వివరంగా చెప్పుకుందాం.

ముందు మన వంటింటి కుక్కర్ సంగతి చూడండి. మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. కుక్కర్‌లో పీడనం వల్ల దాదాపు 120 దాకా వేడెక్కుతాయి. గేజి మీద 10 బార్లు చూపించే బాయిలర్‌లో ఆ వేడి 184 డిగ్రీలు. అలాంటి బాయిలర్ హఠాత్తుగా పగిలితే, లోపలి నీళ్ళలో దాదాపు ఆరో వంతు క్షణాల్లో ఆవిరైపోతుంది. నీరు ఆవిరైతే పట్టే చోటు సుమారు 1600 రెట్లు పెరుగుతుంది. పేలుడంటే అదే. 1905 మార్చి 20న మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్‌లో గ్రోవర్ బూట్ల ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది చనిపోయారు. అమెరికాలో బాయిలర్ నిబంధనలు గట్టిపడటానికి ఆ ప్రమాదం ఒక ముఖ్య కారణం.

నేటి బాయిలర్‌కి రక్షణలు చాలానే ఉన్నాయి. నీటిమట్టం తగ్గితే లో వాటర్ కటాఫ్ బర్నర్‌ని ఆపేస్తుంది. మంట ఆరిపోతే ఫ్లేమ్ స్కానర్ కనిపెట్టి గ్యాస్ కట్టేస్తుంది. మళ్ళీ వెలిగించే ముందు ఫ్యాను లోపల మిగిలిన గ్యాస్‌ని బయటికి తోసేస్తుంది. ఇవన్నీ విఫలమైనా సేఫ్టీ వాల్వ్ ఉంది. స్ప్రింగ్‌తో పనిచేసే దానికి కరెంటూ అక్కర్లేదు, కంప్యూటరూ అక్కర్లేదు.

అయితే చిక్కంతా ఇక్కడే ఉంది. ఇవి రోజూ పనిచేసేవి కావు. ఏళ్ళ తరబడి ఊరికే ఉండి, ఒక్కరోజు పనికిరావాలి. ఈలోగా కటాఫ్ ఫ్లోటు చుట్టూ బురద పేరుకుని అది బిగుసుకుపోయినా బయటికి ఏమీ తెలియదు. మీ భాషలో చెప్పాలంటే, ఎప్పుడూ రిస్టోర్ చేసి చూడని బ్యాకప్ లాంటిదన్నమాట!

అందుకే మా పనిలో సగం పరీక్షలే. షిఫ్ట్ మొదట్లో గేజ్ గ్లాస్ బ్లోడౌన్ చేసి, నీళ్ళు చురుగ్గా తిరిగి వస్తున్నాయో లేదో చూస్తాం. కటాఫ్‌ని పరీక్షించి, బర్నర్ నిజంగా ఆగిందో లేదో లాగ్‌బుక్‌లో రాస్తాం. గ్లాసులో నీళ్ళు కనబడకపోతే ముందు మంట ఆపాలి. కాలిన ట్యూబుల మీదికి కంగారుగా చన్నీళ్ళు పంపితే ప్రాణాలకే ముప్పు.

మిగతా సగం, "కాదు" అని చెప్పడం. బాయిలర్ పదేపదే ట్రిప్ అవుతుంటే, ప్రొడక్షన్ ఆగిపోతోందని "ఈ ఒక్క షిఫ్టూ జంపర్ వైరు వేసి నడిపేద్దాం" అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. కారణం తెలియకుండా రీసెట్ నొక్కకూడదు. రక్షణని తప్పించి అసలే నడపకూడదు.

వాయిదా వేస్తే ఏమవుతుందో 2017 ఏప్రిల్ 3న సెయింట్ లూయిస్‌లో చూశాం. ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీలో, ఆవిరి వ్యవస్థకి అనుబంధంగా ఉన్న కండెన్సేట్ ట్యాంకు అడుగు తుప్పుతో పల్చబడిపోయింది. శుక్రవారం లీకు కనిపించింది. మరమ్మతు సోమవారానికి పెట్టుకున్నారు. సోమవారం ఉదయం మళ్ళీ నడిపారు. అడుగు ఊడి, టన్ను బరువున్న ట్యాంకు పైకప్పు చీల్చుకుని ఎగిరి, పక్క కంపెనీ మీద పడింది. అక్కడ ఆ రోజే ఉద్యోగంలో చేరడానికి వచ్చిన ముగ్గురు, ఫ్యాక్టరీ మనిషి ఒకరు, మొత్తం నలుగురు చనిపోయారు.

మనవాళ్ళలో కొందరికి ఇక్కడ హోటళ్ళు, లాండ్రీలు, అక్కడ రైస్ మిల్లులు ఉన్నాయి. అలాంటివారు మీ బాయిలర్ ఆపరేటర్‌ని రెండే ప్రశ్నలు అడగండి. కటాఫ్ చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? అనుమానం వస్తే ఎవర్నీ అడక్కుండా బాయిలర్ ఆపే అధికారం నీకుందా? రెండోదానికి "ఉంది" అనే జవాబు రావాలంటే, ఆ మాట యజమానిగా మీరే ముందు చెప్పి ఉండాలి.