ప్రకటనలలోని ముఖాలు – మిశ్రమ వారసత్వం

వాణిజ్య ప్రకటన వస్తువును మాత్రమే అమ్మదు. అందమంటే ఏది, మనవారంటే ఎవరు అనే తీర్పును కూడా మనకు తెలియకుండానే మన మనస్సులలో నాటుతుంది. వస్త్రాలు, సౌందర్య సాధనాల ప్రకటనలలో ఈ ప్రభావం మరింత అధికం. రెండు జాతుల వారసత్వం గలవారి విషయంలో ఈ తీర్పు ఎట్లు మారుతుందో హైదరాబాదులో జన్మించిన ఇద్దరు వనితల ఉదంతాలతో వివరించదలచినాము.

మొదటివారు డయానా హేడెన్. ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో జన్మించి, 1997లో ప్రపంచ సుందరిగా ఎన్నికైనారు. నాడు దేశమంతా ఆమెను మన ఆడపడుచని కీర్తించింది. 2018లో త్రిపుర ముఖ్యమంత్రిగా ఉన్న విప్లవ్ దేవ్, భారతీయ సౌందర్యానికి ఆమె ప్రతినిధి కాజాలరన్న భావంతో మాట్లాడి, అనంతరం విచారం వ్యక్తం చేసినారు. తెల్లని మేనిఛాయపై గల మోజును తాను బాల్యం నుండి ఎదుర్కొంటున్నానని హేడెన్ బదులిచ్చినారు. ఆంగ్లో ఇండియన్ అనగానే తెల్లని మేనును ఊహించేవారికి ఆమె చామనచాయయే తగిన సమాధానం.

రెండవవారు దియా మీర్జా. తండ్రి జర్మన్ దేశీయుడు, తల్లి బెంగాలీ. అయితే ఆమె ధరించిన పేరు హైదరాబాదీ ముస్లిం అయిన సవతి తండ్రి అహ్మద్ మీర్జాది. అద్దంలో కనిపించే పోలికలు ఒకరివైతే, పేరు పెంచిన మమకారానిది. ప్రకటన చిత్రంలో మొదటిది మాత్రమే కనిపిస్తుంది. రెండవదానిని ఆమె చెబితేనే మనకు తెలుస్తుంది.

దియా మీర్జా 2000లో మిస్ ఆసియా పసిఫిక్ కిరీటాన్ని అందుకొన్నది ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో. ఆ దేశంలోనూ ఇదే ప్రశ్న ఉన్నది. స్పెయిన్ మూడు శతాబ్దాలకు పైగా, అటుపిమ్మట అమెరికా పాలించిన ఆ ద్వీపాలలో మిశ్రమ సంతతివారిని 'మెస్తిసో' అంటారు. 2015లో విశ్వసుందరి అయిన పియా వుర్ట్స్‌బాక్ తండ్రి జర్మన్. 2018లో అయిన కాత్రియోనా గ్రే తండ్రి ఆస్ట్రేలియా దేశీయుడు. ఇరువురూ ఫిలిప్పీన్స్ ప్రతినిధులే. వారి విజయం ఆ జాతికి గర్వకారణమే. కాని సంకర వర్ణపు ముఖమే అందానికి కొలబద్ద అయితే, శ్యామల వర్ణం గల సామాన్య ఫిలిప్పీనో బాలికకు ఆ చిత్రపటంలో చోటెక్కడ?

మన దేశంలో 'ఫెయిర్ అండ్ లవ్లీ' 1975లో విపణిలోకి వచ్చింది. తెల్లబడితేనే ఉద్యోగం, వివాహం అన్న కథలను అటువంటి ప్రకటనలు దశాబ్దాల పాటు చెప్పినవి. నల్లనివారిని న్యూనపరచరాదని ప్రకటనల ప్రమాణ మండలి 2014లో నియమాలు చేసింది. 2020లో ఆ లేపనం పేరే 'గ్లో అండ్ లవ్లీ'గా మారింది. అయితే పేరు మారినంత మాత్రాన చూపు మారదు.

మన ఓరుగల్లు తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శనకు వెళ్ళినవి. పర్షియా పనితనం, ఇక్కడి నేతగాళ్ళ నేర్పు వాటిలో పడుగు పేకలై కలిసినవి. ఒక వైపు పోగులను లాగివేస్తే మిగిలేది తివాచీ కాదు. మనుషుల వారసత్వమూ అంతే. ఉర్దూ, తెలుగు ఒకే ప్రాంగణంలో వినిపించే మన కళాశాల విద్యార్థులకు ఇది కొత్త విషయం కాదు. కనుక ప్రకటనను చూచినప్పుడెల్లా ఎవరిని చూపినారు, ఎవరిని విడిచినారు, ఎందువలన అని ప్రశ్నించుకొనవలెనని కోరుచున్నాము. తానెవరో చెప్పుకొనే హక్కు ఆ మనిషిదే గాని, సబ్బు అమ్మేవానిది కాదు.