పెళ్లి ఒకరిది, కెమెరా ఇంకొకరిది

అమెరికాలో పెళ్లి ఫొటోగ్రాఫర్లకు ఒక అలవాటు ఉంది. పెళ్లితంతు ఇంకా మొదలవకముందే వధూవరులను ఏ తోటలోకో తీసుకెళతారు. అబ్బాయిని అటు తిరిగి నిలబడమని, అమ్మాయిని మెల్లగా వెనక నుంచి నడిచి రమ్మంటారు. అతను ఇటు తిరిగి, పెళ్లి దుస్తుల్లో ఉన్న ఆమెను తొలిసారి చూసే క్షణాన్ని కెమెరాలో పట్టుకుంటారు. దీనికి ‘ఫస్ట్ లుక్’ అని పేరు. బంధువులు పోగవకముందే జంట ఫొటోలు అయిపోతాయి కనుక ఎంతో టైమ్ కలిసొస్తుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక తెలుగు పెళ్లి ఒప్పుకున్న ఫొటోగ్రాఫర్ ఇదే ప్లాన్ చెబితే పెళ్లికూతురి నాయనమ్మ ఏమంటుంది? ముందే చూసేసుకుంటే ఇక అడ్డుతెర ఎందుకని అడుగుతుంది.

అడ్డుతెర సంగతి తెలియకపోవడం ఆ ఫొటోగ్రాఫర్ నిర్లక్ష్యం అనుకోనక్కర్లేదు. భారతీయ పెళ్లి అంటే విదేశాల్లో ఎక్కువగా కనిపించేది ఉత్తరాది పద్ధతి. గుర్రం మీద వరుడు, అగ్ని చుట్టూ ప్రదక్షిణలు, పాపిట్లో సిందూరం. వాటిని చూసి సిద్ధమై వచ్చినవాడు తెలుగు పెళ్లిలో అసలు ముహూర్తం దగ్గరే తడబడతాడు. మనకు సుముహూర్తం అంటే జీలకర్ర బెల్లం. మంగళసూత్రధారణ ఆ తర్వాతే. తాళి కట్టేటప్పుడు మంచి చోటు దొరకాలని ఫొటోగ్రాఫర్ లెన్సు మార్చుకునే వేళకే పురోహితుడు గడియ చూసి సైగ చేస్తాడు. తమలపాకులో ఉంచిన జీలకర్ర బెల్లం ముద్దను ఒకరి తలపై ఒకరు పెడతారు. మేళం జోరందుకుంటుంది, తెర దిగుతుంది.

ఆ క్షణాన్ని తీయడం ఊరికే కుదిరేది కాదు కూడా. ఇద్దరి చేతులూ ఎదుటివారి తల మీదికి చాచి ఉంటాయి, కాబట్టి ఎదురుగా నిలబడితే మోచేతులు ముఖాలకు అడ్డం వస్తాయి. అక్షింతలు పట్టుకున్న బంధువులు అప్పటికే మూడు వైపులా మూగేస్తారు. పక్క నుంచి కాస్త ఎత్తులో, ఒక చిన్న స్టూలు మీద నిలబడినవాడికే రెండు ముఖాలూ దొరుకుతాయి. ఆ స్టూలు ఎక్కడ వేయాలో ముందురోజే పురోహితుణ్ణి అడిగి తెలుసుకోవాలి.

పరాయి దేశంలో, పరాయి ఆచారాల నడుమ పనిచేసే ఫొటోగ్రాఫర్లందరికీ ఎదురయ్యే చిక్కు ఇదే. తేడా అంటే నమస్కారం పెట్టాలా, చేయి కలపాలా అన్న మర్యాదల గొడవే అనుకుంటారు చాలామంది. మర్యాదలో పొరపాటు జరిగితే క్షమాపణ చెప్పి సరిదిద్దుకోవచ్చు. ఏ క్షణం ముఖ్యం, ఎవరు కెమెరాకు కనబడొచ్చు, తీసిన ఫొటో ఎవరిది అన్న మూడు ప్రశ్నల దగ్గర తప్పు జరిగితే మాత్రం సరిదిద్దుకోవడం కష్టం. పైగా ఈ మూడింటి సమాధానాలూ కస్టమర్‌కు ఎంత సహజంగా తోస్తాయంటే, అడిగితే తప్ప వాళ్లంతట వాళ్లు చెప్పరు.

న్యూయార్క్‌లో సంప్రదాయ యూదుల పెళ్లిళ్లు తీసేవాళ్లను చూడండి. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా వారికి సబ్బాత్. ఆ వ్యవధిలో పెళ్లిళ్లూ ఉండవు, ఫొటోలూ ఉండవు. పెళ్లి పందిరి కింద తంతు పూర్తికాగానే నూతన దంపతులు ఒక గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని కాసేపు ఏకాంతంగా గడుపుతారు. ఆ తలుపు దగ్గర కెమెరా ఆగిపోవాలి. నాట్యాలు ఆడవాళ్లకు వేరుగా, మగవాళ్లకు వేరుగా జరుగుతాయి కనుక ఒక్క ఫొటోగ్రాఫర్‌తో పని నడవదు. ఇంగ్లండ్ చర్చిల్లో పెళ్లి సమయంలో ఫొటోలు తీయాలంటే ముందుగా అక్కడి పాస్టర్ అనుమతి కావాలి. ఫ్లాష్ వద్దనేవారు, ఒకేచోట కదలకుండా నిలబడమనేవారు చాలామంది ఉన్నారు.

జపాన్‌లో తేడా ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. అక్కడ మూడు, అయిదు, ఏడేళ్ల పిల్లలకు ఏటా నవంబర్ 15 ప్రాంతంలో షిచి-గో-సాన్ అనే వేడుక చేస్తారు. పిల్లలకు కిమోనో కట్టి గుడికి తీసుకెళతారు, స్టూడియోలో ఫొటో తీయిస్తారు. కిమోనోకు ముందువైపు రెండు అంచులు ఉంటాయి. ఆడవారైనా మగవారైనా ఎడమ అంచు పైకి, కుడి అంచు లోపలికి వచ్చేలా వేసుకుంటారు. ఎదుటి నుంచి చూస్తే మెడ దగ్గర ఆ మడత ఇంగ్లిష్ చిన్నక్షరం ‘వై’లా కనబడాలి. కుడి అంచు పైకి వస్తే అది శవానికి తొడిగే పద్ధతి. పిల్ల అటూ ఇటూ పరుగెత్తడంతో మెడ దగ్గర మడత జారిందని ఒక విదేశీ ఫొటోగ్రాఫర్ తన చేత్తో సర్ది, తిరగేశాడనుకోండి. లేదా ఆల్బమ్‌లో పేజీ అందంగా కుదరడం కోసం కంప్యూటర్‌లో ఫొటోను కుడి ఎడమలుగా తిప్పేశాడనుకోండి. అతని కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ పిల్ల అమ్మమ్మకు మాత్రం గుండె గుభేలుమంటుంది. అందుకే తెలిసినవాళ్లు కిమోనోను తాము ముట్టుకోరు, కట్టినవారినే పిలిచి సర్దమంటారు.

ఇక ఎవరు కనబడొచ్చు అన్న ప్రశ్న. గల్ఫ్ దేశాల్లో అనేక కుటుంబాలు ఆడవారికీ మగవారికీ పెళ్లి వేడుక వేర్వేరు హాళ్లలో జరుపుతాయి. ఆడవారి హాల్లో అతిథులు తల మీద ముసుగు తీసి, నగలు పెట్టుకుని, అలంకరణలతో ఉంటారు. అక్కడికి వచ్చే ఫొటోగ్రాఫర్ కూడా మహిళే కావాలి. ఆమెకు సహాయకులూ ఆడవాళ్లే. ఆ ఫొటోలకు రంగులు దిద్దేది ఎవరు, ఏ కంప్యూటర్‌లో ఉంచుతారు, ఎప్పుడు చెరిపేస్తారు అని అడిగే కుటుంబాలూ ఉంటాయి. దీనికి తోడు చట్టం ఒకటి. అరబ్ ఎమిరేట్స్‌లో 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న సైబర్ నేరాల చట్టం కింద, అనుమతి లేకుండా ఒకరి ఫొటో తీసి వారి గోప్యతకు భంగం కలిగిస్తే కనీసం ఆరు నెలల జైలు గానీ, లక్షన్నర నుంచి అయిదు లక్షల దిర్హమ్‌ల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. బహిరంగ ప్రదేశమైనా ఇందులో మినహాయింపు లేదు. వెనకాల టేబుల్ దగ్గర కూర్చున్న అతిథి ఫ్రేములో పడిన ఫొటోను తన పనితనానికి నమూనాగా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకునే ఫొటోగ్రాఫర్ ఎంత ప్రమాదంలో పడుతున్నాడో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఆడవారు మగ ఫొటోగ్రాఫర్‌కు కనబడకూడదనే చిక్కును హైదరాబాద్ ఎప్పుడో చూసింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఈ ప్రాంతంవాడు కాదు, మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టాడు. నగరంలోని పెద్దింటి స్త్రీలు పరదా దాటి మగ ఫొటోగ్రాఫర్ ముందుకు రారని ఆయనకు తెలుసు. వాళ్లను ఒప్పించే ప్రయత్నం మానేసి, 1892లో వారికోసమే జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తయిన గోడలు కట్టించి, నిర్వహణను మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ఆచారంతో పేచీ పెట్టుకోకుండా పనిచేసే పద్ధతిని మార్చుకోవడం వ్యాపారానికి కూడా లాభమేనని ఆయన గ్రహించాడు.

జర్మనీలో ఇలాంటి పట్టింపు మతం నుంచి రాలేదు, ఒక కోర్టు కేసు నుంచి వచ్చింది. 1898 జూలై 30న మాజీ ఛాన్స్‌లర్ బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఆ ఇంట్లోకి దొంగచాటుగా చొరబడి, మంచం మీద ఉన్న భౌతికకాయాన్ని ఫొటో తీసి అమ్మజూపారు. కుటుంబం కోర్టుకెక్కింది. ఆ గొడవ ప్రభావంతో 1907లో వచ్చిన చట్టం ప్రకారం, ఫొటోలో ఉన్నవారి సమ్మతి లేకుండా దాన్ని ప్రచురించకూడదు. వారు మరణించాక పదేళ్లపాటు బంధువుల సమ్మతి కావాలి. కొన్ని మినహాయింపులున్నా ఆ నియమం నేటికీ చెల్లుతుంది. బెర్లిన్‌లో ఒక కంపెనీ వేడుకకు ఫొటోలు తీయడానికి వెళ్లినవారిని ముందుగా సమ్మతి పత్రాల గురించే అడిగితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

తెలుగువారికి బాగా దగ్గరగా వచ్చే పేచీ మూడోది: ఫొటో ఎవరిది?

“డబ్బులు మావి, పెళ్లి మాది, ఫొటోలన్నీ మాకు ఇచ్చేయాలి కదా?” అమెరికాలో మనవాళ్లకూ అక్కడి ఫొటోగ్రాఫర్లకూ మధ్య వాదం తరచూ ఈ మాటతోనే మొదలవుతుంది. తీసిన ప్రతి ఫొటో, దిద్దని రా ఫైళ్లతో సహా హార్డ్ డిస్క్‌లో వేసి ఇవ్వమని వీళ్లంటారు. ఏరి, రంగులు దిద్దినవి మాత్రమే ఇస్తానని అతనంటాడు. వీళ్లకు అది మోసంలా, అతనికి ఇది దబాయింపులా అనిపిస్తుంది. నిజానికి ఎవరి దేశపు చట్టం వారి నోట పలుకుతోంది. భారత కాపీరైట్ చట్టం 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫొటోకు వేరే ఒప్పందం లేకపోతే తొలి హక్కుదారు తీయించుకున్నవారే. అమెరికాలో అందుకు పూర్తిగా విరుద్ధం. రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప పెళ్లి ఫొటో మీద కాపీరైట్ తీసినవారిదే. బ్రిటన్‌లోనూ ఒకప్పుడు మన పద్ధతే ఉండేది. 1988 నాటి చట్టం హక్కును ఫొటోగ్రాఫర్‌కు ఇచ్చింది, అయితే సొంత అవసరానికి తీయించుకున్న ఫొటోలను తమ ఇష్టం లేకుండా బయట ప్రదర్శించకుండా ఆపే హక్కును కస్టమర్‌కు మిగిల్చింది. కెనడా కూడా 2012లో కాపీరైట్‌ను ఫొటోగ్రాఫర్‌కే ఇచ్చింది.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో విదేశీ పెళ్లిళ్లకు వెళుతున్న మన ఫొటోగ్రాఫర్లకు ఇదే తేడా తలకిందులుగా ఎదురవుతుంది. అక్కడి కస్టమర్ రా ఫైళ్లు అడగకపోవచ్చు. కానీ ఎన్ని ఫొటోలిస్తారు, ఎన్నాళ్లకిస్తారు, ఎనిమిది గంటలు దాటితే గంటకెంత అన్నది మాత్రం కాగితం మీద చూపించమంటాడు. ‘చూసుకుందాం లెండి, మనవాళ్లే కదా’ అనే హామీ అక్కడ చెల్లదు.

అనుభవజ్ఞులు ఈ ప్రశ్నలన్నీ అడిగి తేల్చుకునే పనిని అడ్వాన్సు తీసుకోకముందే ముగిస్తారు. వధూవరులతో మాట్లాడి సరిపెట్టుకోకుండా, ఆ ఇంట్లో తంతు తెలిసిన పెద్దవారితో మాట్లాడతారు. ఏ ఘట్టం తర్వాత ఏ ఘట్టమో రాసుకుంటారు, తప్పనిసరిగా కావాల్సినవి ఏవో, కెమెరా రాకూడని చోట్లేవో అడుగుతారు. ఫొటోలు తీయడానికి ఇచ్చే అనుమతిని, వాటిని తమ వెబ్‌సైట్‌లో పెట్టుకునే అనుమతిని వేర్వేరుగా తీసుకుంటారు. భాష రాని చోట ఆ సంస్కృతికి చెందిన సహాయకుణ్ణి వెంట ఉంచుకుంటారు. అతని వేతనం కూడా బిల్లులోనే ఉంటుంది.

విదేశంలో పెళ్లి చేస్తున్న తెలుగు కుటుంబాలకు కూడా ఒక మనవి. ఫొటోగ్రాఫర్‌కు శుభలేఖ పంపి ఊరుకోకండి. జీలకర్ర బెల్లం ఏ నిమిషానికో, తెర ఎప్పుడు దించుతారో, తాళి కట్టేటప్పుడు ఎవరు ఎటు నిలబడతారో ఒక పేజీలో రాసివ్వండి. మీకు రా ఫైళ్లు కావాలనుకుంటే సంతకానికి ముందే ఆ మాట అడిగి, ఒప్పుకుంటే ఒప్పందంలో రాయించుకోండి.