పదిహేడేళ్ల అజ్ఞాతవాసం

1749వ సంవత్సరపు వసంతం. అమెరికాలోని మేరీలాండ్‌లో, బాల్టిమోర్ పట్టణానికి చేరువలోని ఒక వ్యవసాయ క్షేత్రం. అక్కడ పదిహేడేళ్ల నల్లజాతి యువకుడు బెంజమిన్ బానెకర్ ఒక వింత దృశ్యం చూసి నివ్వెరపోయాడు. నేలలోంచి వేలాది పురుగులు పైకి వచ్చి చెట్ల మానులకు ఎగబాకుతున్నాయి. నల్లని దేహం, ఎర్రని కళ్లు, నారింజ రంగు ఈనెలు గల రెక్కలు. పంటను, పండ్లతోటను నాశనం చేయడానికే అవి దాపురించాయని అతడు తలచి, వాటిని చంపడానికి పూనుకున్నాడు. చంపినకొద్దీ వస్తూనే ఉన్నాయి. తన శ్రమ వృథా అని గ్రహించి కొద్దికాలంలోనే విరమించుకున్నాడు.

1766లో అవి మళ్లీ వచ్చాయి. 1783లో మూడోసారి వచ్చాయి. తరువాతి కాలంలో స్వయంకృషితో ఖగోళగణితం అభ్యసించి, పంచాంగాలు ప్రచురించి పేరు పొందిన బానెకర్‌కు ఈ లెక్క దొరకడం కష్టం కాలేదు. ఇవి మళ్లీ 1800లో రావాలని అతడు తన పుస్తకంలో రాసుకున్నాడు. వచ్చాయి కూడా. తోకచుక్కల వలె ఇవి కూడా చాలాకాలానికి వచ్చి, కొద్దికాలమే ఉండిపోతాయని గుర్తించిన ఆ రైతు, ఒకే పురుగు రాకను తన జీవితంలో పలు పర్యాయాలు నమోదు చేశాడు.

ఆ పురుగు పేరు సికాడా. తొలినాటి వలసదారులు దీనిని మిడత అనుకున్నారు. మనవారిలో చాలామంది దీనిని కీచురాయిగా జమకడతారు. నిజానికి ఈ రెండింటికంటే భిన్నమైనది. కీచురాయి రెక్కలు రాపాడించి చప్పుడు చేస్తుంది. మగ సికాడా పొట్టకు ఇరువైపులా ఉన్న పలుచని పొరలను బిగించి వదులుతూ, డమరుకం వంటి ధ్వనిని పుట్టిస్తుంది. ఆడ సికాడాకు ఆ పాట లేదు.

సికాడాలు ప్రపంచంలో అనేక దేశాలలో ఉన్నాయి. వాటిలో చాలా జాతులు ఏటేటా కనిపిస్తూనే ఉంటాయి. కాని అమెరికా తూర్పు భాగంలో నివసించే ఏడు జాతుల తీరు వేరు. వాటిలో మూడు జాతులు పదిహేడేళ్లకు, నాలుగు జాతులు పదమూడేళ్లకు ఒకసారి మాత్రమే నేలపైకి వస్తాయి. గోదావరి పుష్కరానికి పన్నెండేళ్లు ఆగితే చాలు. పాండవుల అజ్ఞాతవాసం ఒక్క ఏడాదే. ఈ పురుగు అజ్ఞాతవాసం అంతకంటే ఎంతో దీర్ఘమైనది.

చీకటిలో లెక్క

ఆడ సికాడా పెన్సిలంత లావున్న లేత కొమ్మలను చీల్చి, ఆ చీలికలలో కొన్ని వందల గుడ్లు పెడుతుంది. ఆరు నుండి పది వారాలలో గుడ్లు పగులుతాయి. బియ్యపుగింజ కంటే చిన్నవైన పిల్లలు నేలమీద రాలి, మట్టిలోకి దూరిపోతాయి. అక్కడ చెట్ల వేళ్లను అంటిపెట్టుకుని, వాటిలోని పలుచని రసాన్ని పీలుస్తూ ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతాయి.

వెలుగు చొరని ఆ చోట ఏళ్లను అవి ఎలా లెక్కిస్తాయి? కాలిఫోర్నియాకు చెందిన శాస్త్రజ్ఞులు 2000లో ప్రకటించిన ఒక ప్రయోగం దీనికి కొంత సమాధానమిచ్చింది. పదిహేడేళ్ల జాతి పిల్లలను వారు పీచ్ చెట్ల వేళ్లకు మార్చి, ఆ చెట్లు ఒకే ఏడాదిలో రెండుసార్లు చిగిర్చి పూసేటట్లు చేశారు. ఆ పురుగులు ఒక ఏడాది ముందుగా బయటికి వచ్చాయి. అంటే, అవి లెక్కించేది సూర్యుని ప్రదక్షిణలను కాదు. చెట్టు చిగిర్చినప్పుడల్లా వేళ్లలోని రసంలో కలిగే మార్పును. చెట్టే వాటి పంచాంగం. పదిహేడు వసంతాలను తప్పులేకుండా ఎలా గుర్తుంచుకుంటాయన్నది మాత్రం నేటికీ రహస్యమే.

గడువు తీరిన ఏడాది, ఇరవై సెంటీమీటర్ల లోతున నేల సుమారు 18 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడెక్కగానే, సాయంసంధ్య వేళ అవి గుంపులు గుంపులుగా బయలుదేరుతాయి. చెట్టెక్కి, పాత చర్మం విడిచి, తెల్లగా మెత్తగా ఉన్న కొత్త దేహంతో బయటపడతాయి. తెల్లవారేసరికి ఆ దేహం నల్లబడి గట్టిపడుతుంది. ఇక మిగిలింది నాలుగు నుండి ఆరు వారాల జీవితం. ఆ కొద్దిరోజులలోనే పాట, జత, గుడ్లు, మరణం.

సంఖ్యే కవచం

ఈ పురుగు కుట్టదు, విషం చిమ్మదు, పారిపోవడంలోనూ చురుకైనది కాదు. పక్షులు, ఉడుతలు, తాబేళ్లు, కుక్కలు దీనిని సులభంగా పట్టి తింటాయి. మరి ఇంతకాలం ఎలా బతికింది? 1966లో మాంటీ లాయిడ్, హెన్రీ డైబాస్ అనే శాస్త్రజ్ఞులు దీనికి ఒక వివరణ ఇచ్చారు. ఒక ఎకరంలో పదిహేను లక్షల వరకు పురుగులు ఒక్కసారిగా లేస్తే, అన్ని ప్రాణులూ కడుపు పట్టినంత తిన్నా ఇంకా లక్షలు మిగిలిపోతాయి. విందు అయిపోయాక మరో పదిహేడేళ్ల వరకు పెట్టుబడి ఉండదు కనుక, దీనినే నమ్ముకుని బతికే శత్రువు కూడా పెరగలేదు.

ఈ విందు ప్రభావం అడవి అంతటా కనిపిస్తుంది. 2021లో ఈ పురుగులు లేచినప్పుడు ఎనభైకి పైగా పక్షిజాతులు వాటివైపు మళ్లడంతో, ఓక్ చెట్లపై గొంగళిపురుగులు విపరీతంగా పెరిగి ఆకులను తిన్నాయని శాస్త్రజ్ఞులు గమనించారు.

2024లో పదమూడేళ్ల గుంపు ఒకటి, పదిహేడేళ్ల గుంపు ఒకటి ఒకే వసంతంలో లేచాయి. ఆ రెండు గుంపులూ అంతకుముందు కలిసింది 1803లో, మన దేశంలో అస్సాయే యుద్ధం జరిగిన ఏడాది. పదమూడును పదిహేడుతో హెచ్చిస్తే 221. కనుక అవి మళ్లీ కలిసేది 2245లో.

అయితే సంఖ్యను నమ్ముకున్న ప్రాణికి ఆ సంఖ్య తగ్గడమే ప్రాణాపాయం. కనెక్టికట్ ప్రాంతంలో పదకొండవ గుంపుగా పేరుపడిన సికాడాలు చివరిసారి కనిపించింది 1954లో. గడువు ప్రకారం అవి 1971లో లేవవలసి ఉంది. లేవలేదు. చెట్టు కొడితే దాని వేళ్లను నమ్ముకున్న పిల్లలు నేలలోనే నశిస్తాయి. కొద్దిగా మిగిలినవి పైకి వచ్చినా, అప్పుడు పక్షులకు అది తరగని విందు కాదు. ఒక్క పూట భోజనం మాత్రమే.

పంచాంగమే తడబడే సూచనలు కూడా లేకపోలేదు. 2021లో రావలసిన గుంపులోని కొన్ని పురుగులు 2017లోనే, నాలుగేళ్లు ముందుగా బయటపడ్డాయి. వాతావరణం వేడెక్కడం దీనికి కొంత కారణం కావచ్చునని శాస్త్రజ్ఞులు అనుమానిస్తున్నారు.

మన మేఘాలయలోనూ

ఇటువంటి వింత మన దేశంలోనూ ఉంది. మేఘాలయలోని రీభోయ్ జిల్లాలో, సైడెన్ గ్రామ పరిసరాల అడవిలో నాలుగేళ్లకోసారి మాత్రమే లేచే సికాడా ఒకటి నివసిస్తున్నది. స్థానికులు దానిని నియాంగ్‌టాసర్ అంటారు. 2013లో శాస్త్రజ్ఞులు దానిని కొత్త జాతిగా వర్ణించి, ఆ జిల్లా పేరిటే క్రెమిస్టికా రిభోయ్ అని నామకరణం చేశారు. 2010, 2014, 2018, 2022 సంవత్సరాలలో, సరిగ్గా ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగిన ఏళ్లలోనే, అది లేచింది. ఆ రాత్రులలో గ్రామస్థులు దీపాలు పట్టుకుని అడవికి వెళ్లి, లేచిన పురుగులను ఏరి తెచ్చి వండుకుంటారు. ఎంత ఏరినా తరగనన్ని లేచినంతకాలం ఆ ఉత్సవానికి లోటు లేదు. కాని అమెరికాలోనైనా, రీభోయ్‌లోనైనా సూత్రం ఒకటే: చెట్టు నిలిస్తేనే లెక్క నిలుస్తుంది.

యువకుడైన బానెకర్ చంపలేక విడిచిపెట్టిన పురుగుల సంతతి, పదహారు తరాలు గడిచాక, 2021లో మేరీలాండ్ నేలపైకి వచ్చింది. గుడ్లు పెట్టి, చనిపోయింది. వాటి పిల్లలు ఈ క్షణాన కూడా అక్కడి వేళ్లను పట్టుకుని వసంతాలను లెక్కిస్తున్నాయి. అవి లేవవలసిన ఏడు 2038. అంతవరకు తమ తలపై ఉన్న చెట్టును ఎవరూ నరకరని నమ్మడం తప్ప వాటికి మరో మార్గం లేదు.