ఎం.ఆర్.ఐ. కొలతకు ఆలస్యమేల? వేగము ఎట్లు?

ఎం.ఆర్.ఐ. చిత్రమున మెదడులోని యొక భాగము తెల్లగాను, మఱియొకటి బూడిదవర్ణముగాను కనబడునే కాని, ఆ తెలుపు ఎంత యని యడిగినచో చిత్రము బదులు చెప్పజాలదు; ఏలయన, ఆ ఛాయ యంత్రమును బట్టియు, దానిని నడపు పద్ధతిని బట్టియు మాఱుచుండును. కణజాలపు సహజగుణమును అంకెలలో కొలువవలెనన్న, రేడియో తరంగముచే చలించిన హైడ్రోజన్ కేంద్రకములు మరల పూర్వస్థితికి వచ్చుటకు పట్టు కాలమును కనుగొనవలయును. దీనిని టీ1 అందురు.

ఇందులకై ఒకే చిత్రమును వేర్వేరు విరామములతో పలుమాఱులు తీయవలయును. ఇక సూక్ష్మత కోరితిమా, చిక్కు మఱింత పెరుగును: చిత్రపు గడిని మూడు దిక్కులను సగము చేసినచో అందలి నీరు ఎనిమిదవ వంతగును, ఆ నీటిలోని హైడ్రోజన్ నుండి వచ్చు సంకేతమును అంతే; మునుపటి స్పష్టతను కేవలము పునరావృత్తిచే రాబట్టవలెనన్న 64 రెట్లు కాలము పట్టును. అంతసేపు కదలక పరుండుట మీకు సాధ్యమా? నాకు మాత్రము కాదు.

2013లో అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో ఈ ఆలస్యమును తగ్గించు ఒక ఉపాయమును ప్రకటించిరి. రేడియో ప్రేరణల బలమును, విరామములను కావలెననియే క్రమము తప్పించి, ఒక్కొక్క చిత్రమునకు వలసిన సమాచారములో స్వల్పభాగమునే గ్రహించుచు, అట్టి అస్పష్టచిత్రములను వందలకొలది వారు వరుసగా సేకరించిరి. ఆ క్రమరాహిత్యమునకు ప్రతి కణజాలమును తనదైన రీతిని స్పందించును; ఆ స్పందనమే దాని వేలిముద్ర. ముందుగానే లెక్కకట్టి యుంచిన ముద్రల నిఘంటువులో దానిని వెదకి, కంప్యూటరు టీ1ను, టీ2 అను మఱియొక కాలమును గూడ ఒక్కసారే తెలుపును. సమాచారలోపము వలని దోషములు ఏ ముద్రను పోలియుండవు గనుక వెదకులాటకు అంతగా అడ్డురావు. కొలువవలసిన గుణములు పెరిగినకొలది ఆ నిఘంటువు విపరీతముగా పెరిగిపోవును. దానిని కుదించుట తరువాతి పరిశోధకులకు ఒక ముఖ్యమైన పనియైనది.